బైపాస్ తర్వాత నడక: మాత్రల మీద ఉన్నవాళ్ళకి నాడి లెక్క ఎందుకు కుదరదు

గుండె ఆపరేషన్ చేయించుకుని రాజమండ్రి నుంచో కాకినాడ నుంచో ఇంటికొచ్చిన పెద్దాయన చుట్టూ పది రోజుల్లో రెండు పార్టీలు తయారవుతాయి. ఒకటి చుట్టపక్కాల పార్టీ. "మీరు మంచం దిగకండి బాబాయ్ గారూ, ఏం కావాలన్నా మేం తెచ్చిపెడతాం కదండీ" అంటారు. రెండోది హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు. స్మార్ట్ వాచీ ఒకటి పంపించి, "రోజూ నడవండి నాన్నా, హార్ట్ రేటు జోన్‌లోకి రావాలి" అని ఫోన్లో చెబుతాడు. పెద్దాయన కాలవగట్టు మీద నడుస్తాడు. వాచీ 88 చూపిస్తుంది, జోన్ రాలేదంటుంది. ఇంకాస్త జోరు పెంచుతాడు. 92. ఆయాసం వస్తోంది గానీ జోన్ రాదు. అప్పుడు ఆయనకి అనుమానం: గుండె ఇంకా బాగుపడలేదా, లేక ఈ మాత్రలే దాన్ని లేవనివ్వకుండా పట్టి ఉంచుతున్నాయా?

మాత్రలే పట్టి ఉంచుతున్నాయి. వాటిని ఇచ్చిందే అందుకు. ఇది అర్థం కాకపోతే మనిషి రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తాడు: వాచీ అడిగినంత పరిగెడతాడు, లేదా మాత్ర మానేస్తాడు. రెండోది మొదటిదాని కంటే ప్రమాదం.

వాచీ వేసే లెక్క చాలా మోటు లెక్క. 220 లోంచి వయసు తీసేస్తుంది. 62 ఏళ్ళ మనిషికి 158 వస్తుంది. అందులో 60 నుంచి 80 శాతం, అంటే 95 నుంచి 126 మధ్య నాడి కొట్టుకుంటే వ్యాయామం సరిగ్గా జరుగుతోందని దాని నమ్మకం. అసలా లెక్క ఏ మందూ వాడనివాళ్ళ సగటు. వాళ్ళలో కూడా మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. గుండె వేగాన్ని అదుపులో పెట్టే బీటా బ్లాకర్ అనే మాత్ర వేసుకునేవాళ్ళకైతే అది పనికేరాదు.

మందుల చీటీలో మెటోప్రొలోల్, బిసోప్రొలోల్, కార్వెడిలోల్, అటెనొలోల్ అనే బీటా బ్లాకర్లలో ఏదో ఒకటి ఉందేమో చూడండి. బైపాస్ అయినవాళ్ళలో ఎక్కువమందికి ఉంటుంది. మనం లేచి నడవగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. ఆ హార్మోన్ వెళ్ళి గుండెలో నాడిని పుట్టించే చోట దాని సంకేతాన్ని అందుకునే గ్రాహకాలకి తగులుకుని, వేగం పెంచమంటుంది. ఈ మాత్ర ముందే వెళ్ళి ఆ గ్రాహకాల్లో కూర్చుంటుంది. పైన గోదారి ఎంత పొంగినా లాకు తలుపులు దించిన కాలవలోకి కొంతమేరకే నీరొచ్చినట్టు, అడ్రినలిన్ ఎంత ఉన్నా గుండెకి అందేది కొంతే. కదలకుండా కూర్చున్నప్పుడు నాడి 55, 60 దగ్గర ఉంటుంది. గరిష్ఠంగా అందుకోగలిగేది కూడా నిమిషానికి ఇరవై ముప్ఫై దెబ్బల మేర తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందన్నది మోతాదుని బట్టి, మనిషిని బట్టి.

ఈ మందుల్ని కనిపెట్టిన స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ ఆలోచనే అది. రక్తనాళం సన్నబడిన గుండెకి ఎక్కువ ఆక్సిజన్ ఎలా అందించాలా అని అంతా చూస్తుంటే, ఆయన గుండెకి అవసరమయ్యే ఆక్సిజన్నే తగ్గిస్తే పోలేదా అనుకున్నాడు. 1988లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఈ మందుకి ఇంకో పని కూడా ఉంది. గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు, ఆపరేషన్ అయిన మొదటి వారంలో ప్రతి ముగ్గురు నలుగురిలో ఒకరికి వస్తుంది. అది రాకుండా కాపాడటంలో బీటా బ్లాకర్‌దే ముఖ్యపాత్ర.

నాడి పెరగనప్పుడు నడకవల్ల లాభం ఉంటుందా? ఉంటుంది. వేగం పెంచలేని గుండె ఒక్కో దెబ్బకి కాస్త ఎక్కువ రక్తం నెడుతుంది. కాళ్ళ కండరాలు వచ్చిన రక్తంలోంచి ఎక్కువ ఆక్సిజన్ లాక్కోవడం నేర్చుకుంటాయి. బీటా బ్లాకర్ వేసుకుంటూ క్రమంగా వ్యాయామం చేసినవాళ్ళకి కూడా ఓపిక పెరుగుతుందని చాలాసార్లు రుజువైంది. వాచీలో అంకె ఎదగకపోయినా మనిషి ఎదుగుతాడు.

మరి జోరు సరిపోయిందో లేదో తెలిసేదెలా? ఊపిరితో. నడుస్తూ పక్కనున్న మనిషితో "ఏం బావా, దాళ్వాకి నీళ్ళు వదిలారా, మీ చేలో ఊడ్పులు అయిపోయాయా" అన్నంత పొడుగు వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా అనగలగాలి. పాట అందుకోలేకపోతే ఫరవాలేదు, అక్కడే ఉండాలి. మూడు మాటలకోసారి ఆగాల్సి వస్తుంటే మాత్రం జోరు తగ్గించాలి. ఇదేదో పల్లెటూరి చిట్కా కాదు. మాట పరీక్ష అన్న పేరుతో గుండె పునరావాస కేంద్రాల్లో వాడేదే.

దానికి తోడు బోర్గ్ స్కేలు ఒకటుంది. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేశాడు. "ఇప్పుడు నీకెంత కష్టంగా ఉంది?" అన్న ప్రశ్నకి 6 నుంచి 20 లోపు అంకె చెప్పాలి. 6 అంటే ఏ శ్రమా లేదు, 11 అంటే తేలిక, 13 అంటే కాస్త కష్టం, 17 అంటే చాలా కష్టం. ఆరుతో మొదలవడం విచిత్రంగా కనిపిస్తుంది గానీ, ఆరోగ్యవంతుడు చెప్పిన అంకె పక్కన సున్నా పెడితే దాదాపు అతని నాడి వస్తుందని ఆయన లెక్క. బీటా బ్లాకర్ మీద ఆ సున్నా లెక్క చెడిపోతుంది, కష్టం లెక్క మాత్రం నిలుస్తుంది. ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో 11, 13 మధ్య ఉంటే చాలు.

అంకె కావలసిందే అనేవాళ్ళకి సరైన దారి ఒకటుంది. ట్రెడ్‌మిల్ పరీక్ష, అదే టీఎంటీ, రోజూ వేసుకునే మాత్రలు వేసుకునే చేయించుకోవాలి. రోజూ నడిచే వేళకి దగ్గరగా అయితే మరీ మంచిది. ఉదాహరణకి కూర్చున్నప్పుడు నాడి 58, పరీక్షలో అందుకున్న గరిష్ఠం 112 అనుకుందాం. మధ్యలో ఉన్నది 54. అందులో 40 నుంచి 60 శాతం 58కి కలిపితే 80 నుంచి 90. ఆ మనిషికి మధ్యరకం వ్యాయామం అంటే అది. వాచీలోని జోన్‌ని చేత్తో మార్చుకోవచ్చు, కొడుక్కి చెబితే మారుస్తాడు. ఇక్కడ ఒక మెలిక ఉంది: జబ్బు ఉందా లేదా అని తేల్చడానికి చేసే టీఎంటీకి బీటా బ్లాకర్ ముందే ఆపి రమ్మనడం మామూలే. వ్యాయామ పరిమితి తేల్చడానికి చేసేదానికి వేసుకునే రావాలి. ఏ పరీక్ష ఎందుకో అడక్కుండా వెళితే పనికిరాని అంకె చేతికొస్తుంది.

వాచీ అసలు పనికిరాదని కాదు. ఊరికే కూర్చున్నప్పుడు నాడి 50 కంటే తగ్గి, దానితో కళ్ళు తిరుగుతున్నా, కూర్చున్నప్పుడే 120 దాటి కొట్టుకుంటున్నా, ఎగుడుదిగుడుగా ఉన్నా ఆ కబురు డాక్టర్‌కి చేరాలి. ఆ మేరకు అది మంచి సాయమే.

ఇక మాత్ర మానెయ్యడం సంగతి. బీటా బ్లాకర్‌ని కొన్నాళ్ళు వాడాక గుండెలో గ్రాహకాల సంఖ్య, సున్నితత్వం పెరుగుతాయి. హఠాత్తుగా మాత్ర ఆపితే అప్పటిదాకా అడ్డున్న అడ్రినలిన్ అంతా వాటి మీద పడుతుంది. ఛాతీ నొప్పి తిరగబెట్టొచ్చు, గుండెపోటే రావచ్చు. అమెరికాలో ఈ మందుల సమాచార పత్రాల్లో ప్రత్యేకంగా వేసే హెచ్చరిక ఇది. "మాత్ర వేసుకుంటే నీరసంగా ఉంటోందండీ, అందుకే పెళ్ళికెళ్ళిన రెండ్రోజులూ మానేశాను" అనేవాళ్ళ నీరసం అబద్ధం కాదు. ఈ మందుతో నీరసం, నిద్రపట్టకపోవడం కొందరికి ఉంటాయి. అయితే మోతాదు తగ్గించడం, మందు మార్చడం డాక్టర్ చేతిలో ఉన్న పనులు. రెండూ సులువే, అడగాలంతే.

మొదటి పార్టీ మాట కూడా వినాలి. "కదలకు" అన్న సలహా వట్టి మూఢనమ్మకం కాదు, ఒకప్పటి వైద్యమే అది. గుండెపోటు వచ్చినవాళ్ళని ఇరవయ్యో శతాబ్దం సగం దాకా ఆరేసి వారాలు మంచం మీద పడుకోబెట్టారు. 1952లో అమెరికన్ డాక్టర్లు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ రోగుల్ని పడక్కుర్చీలో కూర్చోబెట్టడమే పెద్ద సాహసంగా చెప్పుకున్నారు. కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడం, కండ కరిగిపోవడం మంచం వల్లే వస్తున్నాయని తేలడానికి అంతకాలం పట్టింది. తమాషా ఏమిటంటే, ఛాతీ నొప్పిని 1772లో మొదటిసారి వివరంగా వర్ణించిన ఇంగ్లండు వైద్యుడు విలియం హెబర్డెన్, రోజూ అరగంట కట్టెలు కోసి దాదాపు నయమైపోయిన ఒక రోగి గురించి అప్పట్లోనే రాసిపెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు సందేహమే లేదు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ళలో వ్యాయామం మీద జరిగిన 85 పరిశోధనల్ని, అంటే 23,000 మందికి పైగా రోగుల లెక్కల్ని, 2021లో కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. గుండెజబ్బుతో పోయేవాళ్ళు, మళ్ళీ గుండెపోటు వచ్చేవాళ్ళు, తిరిగి ఆసుపత్రి పాలయ్యేవాళ్ళు వ్యాయామం చేసినవాళ్ళలో తక్కువ.

చుట్టాలు భయపడేది గుండె గురించి. మొదటి మూడు నెలలూ నిజంగా భయపడవలసింది ఎముక గురించి. బైపాస్‌కీ, ఎక్కువ వాల్వు ఆపరేషన్లకీ ఛాతీ మధ్య ఎముకని నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగించి కట్టేస్తారు. తీగలు లోపలే ఉండిపోతాయి. ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, గట్టిపడటానికి పన్నెండు వారాల దాకా పడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకీ, పొగతాగేవాళ్ళకీ, లావుగా ఉన్నవాళ్ళకీ ఇంకా ఆలస్యం కావచ్చు. నడకవల్ల ఈ ఎముకకి ఏమీ కాదు. చేతులతో లాగడం, తొయ్యడం, ఎత్తడం దీనికి పడవు. మన వైపు రోజూ జరిగేవి చూడండి: బస్సు ఎక్కేటప్పుడు రాడ్డు పట్టుకుని ఒళ్ళంతా పైకి లాక్కోవడం, రేవులో పంటు మీదకి ఎవరో చెయ్యి అందిస్తే గుంజుకుని ఎక్కడం, బోరింగు కొట్టడం, కొబ్బరికాయ ఒలవడం, బైకుని స్టాండు వెయ్యడం. మంచం మీంచి లేపడానికి కొడుకులు రెండు చంకల్లో చేతులేసి ఎత్తేస్తారు, అది అన్నిటికన్నా అన్యాయం. పక్కకి తిరిగి, కాళ్ళు కిందికి దించి, మోచేతిని ఒంటికి దగ్గరగా ఉంచి లేవాలి.

పూర్వం రెండు కిలోలు కూడా ఎత్తొద్దనేవారు. ఇప్పుడు చాలాచోట్ల, మోచేతులు ఒంటికి ఆనించి ఉంచి, నొప్పి లేనంతవరకు తేలికపాటి పనులు చేసుకోనిస్తున్నారు. తల దువ్వుకోవడం, చొక్కా వేసుకోవడం మొదటి నుంచీ చెయ్యాల్సిందే, లేకపోతే భుజాలు పట్టేస్తాయి. ఛాతీలో టక్కుమన్న చప్పుడు, ఎముక కదిలినట్టు అనిపించడం, కోతలోంచి చీము, జ్వరం, వీటిలో ఏది కనిపించినా మందుల షాపుకి కాదు, ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్ళాలి.

ఈ విషయంలో ఆడవాళ్ళకి ఎక్కువ అన్యాయం జరుగుతోందని నా అభిప్రాయం. మగాడికి ఆపరేషన్ అయితే ఇల్లంతా కాపలా. ఇంటావిడకైతే నెల తిరక్కుండానే "ఇంటి పనే వ్యాయామం కదమ్మా" అంటారు. నీళ్ళ బిందె ఎత్తడం, గ్యాసు బండ జరపడం, గ్రైండరు రాయి తియ్యడం, పరుపు దులపడం పూర్తిగా చేతులూ ఛాతీ మీద పడే బరువు. గుండెకి కావలసినది కాళ్ళ పని, అది వీటిలో లేదు. పైగా పొయ్యి సెగ. ఆవిడకి కావలసింది పొద్దున్న అరగంట బయట నడిచే తీరిక.

నడక విషయానికొస్తే మన డెల్టా నేల గొప్ప వరం. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి సముద్రం దాకా ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు, ఎదురయ్యే చడావు వంతెన ఒక్కటే. ఇంటికొచ్చిన మొదటి వారం ఐదేసి నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు, వరండాలోనో వీధిలోనో. రోజుకో నిమిషం, రెండు నిమిషాలు పెంచుకుంటూ పోతే ఐదారు వారాలకి ఏకబిగిన అరగంట వస్తుంది. మొదటి ఐదు నిమిషాలూ, చివరి ఐదు నిమిషాలూ మెల్లగా నడవాలి. మధ్యలో వంతెన వస్తే దాన్ని రెండో నెలకి వాయిదా వెయ్యండి. మరునాడు పొద్దున్న లేచేసరికి ముందురోజు బడలిక ఇంకా ఉంటే, అంతకు ముందటి రోజు నడిచినంతకి వెనక్కి రావాలి. బైపాస్ కోసం రక్తనాళం తీసిన కాలి పాదం వాస్తుంది. నడిస్తే తగ్గుతుంది, కుర్చీలో వేలాడేసి కూర్చుంటే పెరుగుతుంది.

చివరి ఐదు నిమిషాల మెల్లని నడకకి కారణం బీపీ మాత్రలు. రామిప్రిల్, టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ వంటివి రక్తనాళాల్ని సడలిస్తాయి. నడిచినప్పుడు కాళ్ళలోని నాళాలు ఎలాగూ విచ్చుకుంటాయి. జోరుగా నడిచి టక్కున ఆగి నిలబడితే రక్తం కాళ్ళలోనే ఉండిపోయి తలకి చాలదు, కళ్ళు బైర్లు కమ్ముతాయి. దానికి తోడు నాలిక కింద పెట్టుకునే సార్బిట్రేట్. ఛాతీలో బరువు అనిపిస్తే ముందు కూర్చోవాలి, తర్వాతే మాత్ర. నిలబడి పెట్టుకుంటే పడిపోతారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్. కోత నొప్పికీ గుండె నొప్పికీ తేడా చాలావరకు తెలిసిపోతుంది: కోత నొప్పి దగ్గినా, తిరిగినా, చేత్తో నొక్కినా ఎక్కువవుతుంది. గుండె నొప్పి నడకతో వచ్చి, ఆగితే తగ్గుతుంది.

మన ఎండ గురించి వేరే చెప్పాలి. మే నెలలో అమలాపురం, నరసాపురం వైపు ఎండకంటే ఉక్క ఎక్కువ ఇబ్బంది. గాలిలో తేమ ఉంటే చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి, బీటా బ్లాకర్ అక్కడా కొంత అడ్డే. ఫ్యూరోసెమైడ్ లాంటి నీళ్ళ మాత్ర వేసుకునేవాళ్ళకి ఒంట్లో నీరు ముందే తక్కువ. అందుకని వేసవిలో నడక సూర్యోదయానికి ముందు, లేదా పొద్దు గుంకాక. మధ్యాహ్నం నడవాలంటే ఇంట్లోనే ఈ గది నుంచి ఆ గదికి. అలాగని చెంబులకి చెంబులు నీళ్ళు తాగెయ్యకూడదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి డాక్టర్ రోజుకింత అని కొలత పెడతాడు, ఎండాకాలంలో ఆ కొలత మార్చాలేమో ఆయన్నే అడగాలి. మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగితే అది కండ కాదు, నీరు.

నడక అయ్యాక కోనసీమ మర్యాద ఒకటి ఎదురవుతుంది: కొబ్బరి బొండాం. వద్దంటే బాధపడతారు. బొండాం నీళ్ళలో పొటాషియం ఎక్కువ, 100 మిల్లీలీటర్లకి సుమారు 200 మిల్లీగ్రాములు. ఒక పెద్ద బొండాం అరటిపండుని మించిపోతుంది. రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి ఒంట్లో పొటాషియాన్ని నిలబెడతాయి. స్పైరోనోలాక్టోన్ అనే నీళ్ళ మాత్ర మరీను. ఈ రెండు రకాలూ కలిసి ఉండి, కిడ్నీ కాస్త మందగించి ఉంటే, రోజుకి రెండు బొండాలు రక్తంలో పొటాషియాన్ని ప్రమాదకరంగా పెంచగలవు. పొటాషియం ఎక్కువైతే గుండె లయే దెబ్బతింటుంది. అదే ఒట్టి ఫ్యూరోసెమైడ్ వేసుకునేవాడికి పొటాషియం పడిపోతుంటుంది, అతనికి బొండాం మంచిదే కావచ్చు. అందుకే "మా బావగారు రోజూ తాగుతున్నారండి, ఏం కాలేదు" అన్నది సాక్ష్యం కాదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం చూపించే రక్తపరీక్ష కాగితం సాక్ష్యం. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో కూడా పొటాషియమే ఉంటుంది, ఆవకాయ మానేసి దాన్ని ధారాళంగా వాడటం ఇంకో చిక్కు.

షుగర్ ఉన్నవాళ్ళకి బీటా బ్లాకర్ ఇంకో సంకేతాన్ని కూడా దాచేస్తుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళకి పరగడుపున నడిస్తే షుగర్ పడిపోవచ్చు. పడిపోతున్నప్పుడు మామూలుగా గుండె దడ, చేతుల వణుకు వస్తాయి. బీటా బ్లాకర్ ఆ రెండింటినీ అణిచేస్తుంది. చెమట మాత్రం మిగులుతుంది. ఉక్కలో పట్టిన చెమటకీ, షుగర్ పడిపోయి పట్టిన చెమటకీ తేడా తెలియక మనిషి గట్టు మీద కూలబడతాడు. నడక్కి ముందు మిషన్‌తో చూసుకుని, 100 కంటే తక్కువుంటే ఏదైనా తిని బయల్దేరాలి. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాలి.

కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వేసుకునేవాళ్ళకి కాళ్ళ నొప్పుల సందేహం. నెలల తర్వాత నడక మొదలుపెడితే ఎవరికైనా పిక్కలు పట్టేస్తాయి, రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. తగ్గకుండా, రెండు తొడల్లోనూ సమానంగా నొప్పి ఉండి, కూర్చున్నచోట నుంచి లేవడం కష్టమవుతుంటే కండ దెబ్బతిందేమో చూపే సీపీకే అనే రక్తపరీక్ష చేయించాలి. మూత్రం కాఫీ రంగులోకి మారితే ఆ రోజే ఆసుపత్రి. మన పెరళ్ళలో కాసే పంపరపనస, అటోర్వాస్టాటిన్ మోతాదుని ఒంట్లో పెంచే గ్రేప్‌ఫ్రూట్‌కి దగ్గరి చుట్టం, డాక్టర్‌ని అడిగి తినడం మేలు.

రక్తం పలచన చేసే మందుల విషయంలో భయం గుండె గురించి కాదు, జారిపడటం గురించి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వల్ల చిన్న దెబ్బకే కమిలిన మచ్చలు పడతాయి. వాటిని చూసి మందు ఆపకూడదు. లోహపు వాల్వు వేయించుకుని ఎసిట్రోమ్‌ గానీ వార్ఫరిన్ గానీ వాడేవాళ్ళు మాత్రం వానాకాలంలో ఒండ్రుమట్టి గట్లు వదిలేసి తారు రోడ్డు మీదే నడవాలి. తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా, వెంటనే ఆసుపత్రికి. గోంగూర, తోటకూర, మునగాకు మానెయ్యక్కర్లేదు. ఈ వారం రోజూ, వచ్చే వారం అసలు లేకుండా తింటే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ అంకె ఊగుతుంది. ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి.

ఆపరేషన్ ఖర్చుకి ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ ఆదుకుంటున్నాయి. ఆపరేషన్ తర్వాత దగ్గరుండి వ్యాయామం నేర్పే పునరావాస విభాగం మాత్రం మన పట్టణాల్లో అరుదు. అది లేనిచోట యోగా సాయపడుతుందా అని మన దేశంలోనే ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మందితో. 2020లో ఫలితాలొచ్చాయి. మరణాలు, మళ్ళీ గుండెపోటు తగ్గాయని గట్టిగా తేలలేదు గానీ, యోగా నేర్చుకున్నవాళ్ళు ఆరోగ్యం మెరుగుపడిందన్నారు, పాత పనుల్లోకి బాగా తిరిగొచ్చారు. వాళ్ళని తీసుకున్నది గుండెపోటు వచ్చిందని, ఛాతీ కోయించుకున్నారని కాదని గుర్తుంచుకోవాలి. చేతుల మీద బరువు మోపే సూర్యనమస్కారాలు ఎముక అతికేదాకా వద్దు. ఊపిరి బిగబట్టే కుంభకం, కపాలభాతి, తలకిందుల ఆసనాలు డాక్టర్ అనుమతి లేకుండా వద్దే వద్దు. ఊపిరి బిగబడితే బీపీ ఎగసి పడుతుంది. మలబద్ధకంతో ముక్కినా జరిగేది అదే.

ఆపరేషన్ తర్వాత కూడా గుండె పంపింగ్ (ఎకో కాగితంలో ఈఎఫ్ అని ఉండేది) 35 శాతం లోపే ఉన్నవాళ్ళకీ, లయ తప్పే సమస్య ఉన్నవాళ్ళకీ పైన చెప్పిన వారాల లెక్క అలాగే వర్తించదు. వాళ్ళు మొదటి నెలల్లో ఎవరో ఒకరు పక్కన ఉండగానే నడవాలి, ఎంత నడవాలో కార్డియాలజిస్టు పరీక్ష చేసి చెప్పాలి.

పనిలోకి ఎప్పుడు? కొట్లో కూర్చునేవాళ్ళు, ఆఫీసు ఉద్యోగులు ఆరు వారాలకి వెళ్ళొచ్చు. చేపల చెరువు గట్ల మీద తిరిగే రైతు నడకకి ఇబ్బంది లేదు, మేత బస్తాలు మొయ్యడానికి మూడు నెలలు ఆగాలి. కొబ్బరి దింపు కార్మికుడి సంగతి వేరు. చెట్టెక్కడం గుండెకి చాలా బరువైన పని, ఒళ్ళంతా చేతులతో లాక్కోవాలి. టీఎంటీలో పాసైనా, బీపీ మాత్రలతో పైన కళ్ళు తిరిగితే కింద పట్టుకునేవాడు లేడు, ఎసిట్రోమ్ మీద ఉంటే చిన్న దెబ్బ కూడా పెద్దదే. అతనికి కింద ఒలుపు, లెక్క చూసుకునే పని ఇప్పించగలిగితే ఆ ఇంటికి అంతకంటే మేలు లేదు.

మొక్కులు కూడా అంతే. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు, ఏడేసి ప్రదక్షిణలు మొక్కుకునేవాళ్ళు కోనసీమలో ఇంటికొకరు. ప్రదక్షిణ చదునైన నేల మీద నడకే కాబట్టి రెండో నెలలో ఇబ్బంది లేదు. అసలు కష్టం క్యూలో గంటలకొద్దీ కదలకుండా నిలబడటం, తోపులాటలో ఛాతీకి తగిలే మోచేతులు. రద్దీ తక్కువుండే వేళ చూసుకుని, తెల్లవారుజామునే వెళ్ళడం మంచిది. తిరుమలకి నడిచి వస్తామని మొక్కుకున్నవాళ్ళకి అలిపిరి దారిలో 3,550 మెట్లు. అది మూడో నెల తర్వాత, మాత్రల మీద టీఎంటీ చేయించుకుని, ఇంటి దగ్గర వంతెనలూ మేడమెట్లూ మాట తడబడకుండా ఎక్కగలిగాక ఆలోచించే విషయం. మధ్య మధ్య కూర్చుంటూ, సార్బిట్రేట్ పై జేబులో పెట్టుకుని, ఆ పూట వేసుకోవలసిన మాత్రలు వేళకే వేసుకుని ఎక్కాలి.